అమ్మాబిడ్డల బొమ్మలు, దేవుడి పటాల షాపు: తిరుపతిలో ఒక ప్రింటింగ్ సర్వీసు రివ్యూ

దేవుడి పటాలు కట్టి కట్టి చెయ్యి తిరిగిన షాపు ఇది. ఫ్రేము మూలలు కలిపే తీరులో వంక పెట్టడానికి లేదు. ప్రింటు దగ్గరకొస్తే మాత్రం పక్కన నిలబడి చెప్పి చేయించుకోవాల్సిందే. వాళ్ళకే వదిలేస్తే పెళ్ళి ఫోటోకి చేసే మర్యాదలన్నీ మోనే, మోరిసో లాంటి ఫ్రెంచి చిత్రకారుల బొమ్మలకీ చేసేస్తారు. ఫ్రేముకి అయిదుకి నాలుగున్నర, ప్రింటుకి రెండున్నర.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఇలాంటి షాపులు చాలానే ఉన్నాయి. పేరు రాయకపోవడానికి కారణం, ఇక్కడ చెప్పే లోపాలు దాదాపు అన్నిచోట్లా ఉండేవే. కింద పటాలు, అద్దాలు, ఫ్రేముకి వాడే బంగారు రంగు బద్దీలు. మేడ మీద పెద్ద ఇంక్‌జెట్ మెషీను, ఒక కంప్యూటరు, ఒక ఆపరేటరు. గోడ బొమ్మల కేటలాగులో ‘మదర్ అండ్ చైల్డ్’ అని ఒక విభాగం పెట్టారు. నర్సింగ్ హోముల్లో ఏళ్ళ తరబడి వేలాడుతున్న నీలికళ్ళ విదేశీ పాప పోస్టరుకి బదులు ఇంప్రెషనిస్టుల (వెలుగుని విడి కుంచె గీతల్లో పట్టిన, నూటయాభై ఏళ్ళ కిందటి పారిస్ చిత్రకారుల) అమ్మాబిడ్డల బొమ్మలు పెట్టాలనుకునే వాళ్ళకీ, పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఒక మంచి బొమ్మ కావాలనుకునే వాళ్ళకీ పనికొస్తుందని ఈ రివ్యూ.

కేటలాగుని నమ్మొద్దు. అందులో సగం బొమ్మలకి పేర్లు తప్పు. మేరీ కసాట్ వేసినవాటి కింద రెన్వార్ అని ఉంది. ఈమధ్య కంప్యూటరు తయారుచేసిన ‘ఇంప్రెషనిస్ట్ స్టైల్’ తల్లులు కూడా వాటి మధ్య దూరారు. వాటిని పట్టుకోవడం తేలికే, చేతులు చూస్తే చాలు. కసాట్ బొమ్మలో తల్లి చెయ్యి బిడ్డ ఒంటిని పట్టుకున్న చోట బరువు తెలుస్తుంది. ఈ నకిలీల్లో వేళ్ళు బిడ్డ మీద ఊరికే ఆనించినట్టు ఉంటాయి.

తిరగేసిన బొమ్మలు ఇంకో తలనొప్పి. మంచానికి రెండు పక్కలా ఎదురెదురుగా కనిపించాలని ఒకదాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు. మోరిసో ‘ఉయ్యాల’లో తల్లి ఎడమ వైపు, బిడ్డ కుడి వైపు ఉండాలి. మోనే ‘గొడుగు పట్టుకున్న స్త్రీ’లో బాబు ఎడమ వైపు గడ్డిలో ఉండాలి. ఇంకో సంగతి, గొడుగుతో నిలబడ్డ స్త్రీ బొమ్మ మోనే ఒకటే వేయలేదు. 1875లో వేసిన దాంట్లో ఉన్నది భార్య కమీల్, కొడుకు జాఁ. కమీల్ 1879లో పోయింది. 1886లో మళ్ళీ రెండు వేశాడు, ఒకటి కుడికి తిరిగి, ఒకటి ఎడమకి తిరిగి. వాటిలో నిలబడింది సుజాన్ ఓషెడె. ముఖంలో కళ్ళూ ముక్కూ స్పష్టంగా ఉండవు, పిల్లాడు అసలే లేడు. కేటలాగులో ‘మోనే, తల్లీ కొడుకు’ అని చూపించిన బొమ్మలో కొడుకు లేకపోతే అది ఈ 1886 బొమ్మల్లో ఒకటన్నమాట. ఆర్డరు రాసేటప్పుడు పేరుతో పాటు సంవత్సరం కూడా రాయించండి.

ఇక ‘ఉయ్యాల’. ఈ షాపు ఎక్కడ బాగా చేస్తుందో, ఎక్కడ చెడగొడుతుందో తేల్చేది ఈ ఒక్క బొమ్మే. బెర్త్ మోరిసో 1872లో వేసింది. 1874లో పారిస్‌లో ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో పెట్టింది, ఆ ప్రదర్శనలో ఆమె ఒక్కతే స్త్రీ. బొమ్మ అమ్ముడుపోలేదు. ఇంట్లోనే ఉండిపోయి, 1930లో లూవ్ర్‌కి చేరింది. ఇప్పుడు పారిస్‌లోనే ఓర్సే మ్యూజియంలో ఉంది. ఉయ్యాల పక్కన కూర్చున్నది మోరిసో అక్క ఎడ్మా, లోపల నిద్రపోతున్నది ఎడ్మా కూతురు బ్లాంష్. ఎడ్మా కూడా చెల్లెలితో కలిసి చిత్రకళ నేర్చుకున్న మనిషే, పెళ్ళయ్యాక మానేసింది. ఈ సంగతి తెలిశాక ఆ ముఖంలో ఉన్నది ఉత్త మురిపెమేనా అన్న అనుమానం రాక మానదు. షాపు వాళ్ళు దీనికి ‘మాతృప్రేమ’ అని శీర్షిక పెట్టారు, పెట్టుకోనివ్వండి.

తల్లి ఎడమ మోచెయ్యి మడిచి చెంపకి ఆనించుకుంది. బిడ్డ చెయ్యి కూడా అలాగే మడిచి పైకి ఉంది. ఆ చెయ్యి నుంచి ఈ చేతికి, తల్లి చూపు నుంచి బిడ్డ మూసిన కళ్ళకి ఏటవాలుగా ఒక గీత నడుస్తుంది. ఉయ్యాల మీది పల్చటి తెర తల్లి చేతిలోనే ఉంది. బిడ్డని మనం చూసేది ఆ తెరలోంచే. అంటే తల్లి బిడ్డని చూపిస్తూనే మన కళ్ళకి అడ్డం పెడుతోంది. బొమ్మలో సగానికి పైగా తెలుపే, కానీ ఒక్క తెలుపు కాదు. మడతల్లో నీలం కలిసిన బూడిద, అంచున గులాబీ, వెనక నుంచి వెలుగు పడే చోట మాత్రమే దాదాపు అసలు తెలుపు.

చెడేది సరిగ్గా ఇక్కడే. ఆపరేటరు ఫైలు తెరిచీ తెరవగానే అలవాటుగా ఆటో టోన్ (వెలుగునీ రంగుల్నీ కంప్యూటరే సరిచేసేసే బటన్) కొడతాడు. ‘డల్‌గా ఉంది సార్, కొంచెం లైట్ చేస్తా’ అంటాడు. ఆ ఒక్క నొక్కుతో తెరలోని బూడిదలూ గులాబీలూ ఎగిరిపోయి అక్కడ ఉత్త కాగితం మిగులుతుంది. తెర పోయాక బిడ్డ ముఖం చదునుగా, తల్లి నల్లబట్టలు తారులా కనిపిస్తాయి. అంతటితో ఆగక ముఖాలకి నునుపు పెట్టే సాఫ్ట్‌వేరు కూడా వాడతారు, స్టూడియో అలవాటు. మోరిసో బుగ్గ మీద వదిలిన కుంచె గీతలు దాంతో మొటిమల్లా తుడిచిపెట్టుకుపోతాయి. కాబట్టి ముందే గట్టిగా చెప్పాల్సింది: కలర్ కరెక్షన్ వద్దు, షార్ప్ చేయొద్దు, ముఖం ముట్టుకోవద్దు, ఫైలు ఎలా ఉందో అలాగే. దాని మీద ఒక 4×6 అంగుళాల ముక్క శాంపిల్ తీయించి, తెరా బిడ్డ ముఖమూ కలిసే చోటు అందులో వచ్చేలా చూడాలి. శాంపిల్‌ని మేడ మీద ట్యూబ్‌లైటు కింద కాకుండా వాకిట్లోకి తెచ్చి పగటి వెలుగులో చూడండి. తెర మడతలు కనీసం మూడు వేర్వేరు తెలుపుల్లో కనబడితే ముందుకెళ్ళొచ్చు. ఈ షాపు శాంపిల్‌కి డబ్బు తీసుకోలేదు, అడిగితే విసుక్కోలేదు కూడా. అది వాళ్ళకి మంచి మార్కు.

సైజు రెండో చిక్కు. షాపులో రెడీ సైజులు 12×18, 16×24, 20×30, అన్నీ రెండుకి మూడు చొప్పున. ‘ఉయ్యాల’ అసలు కొలత 56 సెంటీమీటర్ల ఎత్తు, 46 వెడల్పు. 18 అంగుళాల ఎత్తుకి వెడల్పు 14.8 రావాలి. 12కి కుదిస్తే దాదాపు అయిదో వంతు పక్కల నుంచి తెగుతుంది, తల్లి వీపో ఉయ్యాల చివరో పోతుంది. పోనీ తెగకుండా సాగదీస్తే తల్లి సన్నబడుతుంది, బిడ్డ తల కోలగా అవుతుంది. రెండూ చేసి పెట్టిన నమూనాలు షాపు గోడ మీదే ఉన్నాయి. ఈ బొమ్మకి ఒక సదుపాయం ఉంది, అసలుదే చిన్నది. సుమారు 18 అంగుళాల వెడల్పు, 22 ఎత్తు. అదే కొలతలో ప్రింటు తీయించుకోండి. మోరిసో చెయ్యి కదిలిన కొలతలోనే గీతలు కనిపిస్తాయి. రోల్ కాగితం కాబట్టి ఏ కొలతైనా కోసిస్తారు, రెడీ సైజే తీసుకోవాలన్న నియమం లేదు. వాళ్ళంతట వాళ్ళు ఈ మాట చెప్పరు.

మేరీ కసాట్ ‘పాప స్నానం’తో సైజు గొడవ లేదు. 1893 బొమ్మ, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, 100.3 సెంటీమీటర్ల ఎత్తు, 66.1 వెడల్పు. రెండుకి మూడు చొప్పునకి వెంట్రుకవాసి తేడా. 16×24లో పెడితే ఎత్తులో పావు అంగుళం పోతుంది, అంతే. ఆ పావు అంగుళం పై నుంచి తీయించండి, కింద నుంచి వద్దు. కింద నేల మీద గిన్నె, మూలన కూజా ఉన్నాయి. తల్లీ బిడ్డా ఇద్దరూ చూస్తున్నది ఆ గిన్నెలోకే.

ఈ బొమ్మలో మనం పై నుంచి కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. తల్లి చారల గౌను, వెనక పువ్వుల గోడ కాగితం, కింద తివాచీ. ఒక్కో నమూనా ఒక్కో చదును ముక్కలా పరుచుకుని, మధ్యలో పాప ఒళ్ళు ఒక్కటే గుండ్రంగా ఉంటుంది. 1890లో పారిస్‌లో జపాను చెక్క అచ్చు బొమ్మల పెద్ద ప్రదర్శన చూశాక కసాట్ చేతికి వచ్చిన పద్ధతి ఇది. మన ఇళ్ళలో అమ్మమ్మలు కాళ్ళు చాపుకుని బిడ్డని బోర్లా వేసుకుని లాల పోసేటప్పుడు పక్కన నిలబడి చూస్తే కనిపించే కోణం దాదాపు ఇదే. కసాట్‌కి పెళ్ళి లేదు, పిల్లలు లేరు. బొమ్మల్లో తల్లీబిడ్డల్లా కనిపించేవాళ్ళు చాలాసార్లు కూర్చోబెట్టి గీసిన మోడళ్ళే. ఆ తల్లి చేతుల్లో కనిపించే పనితనం పరిశీలనతో వచ్చింది.

చదునైన రంగులున్న ఇలాంటి బొమ్మకి కాన్వాస్ వద్దు. షాపు మొదట చూపించేది కాన్వాసే, చదరపు అడుగు రూ.200, వాళ్ళకి లాభం అందులో ఉంది. కాన్వాస్ నేత గళ్ళు తల్లి గౌను చారల మీద పడి చారలు అదిరినట్టు కనిపిస్తాయి. చదరపు అడుగు రూ.120 మ్యాట్ కాగితం చాలు, బాగుంటుంది కూడా. మెరిసే గ్లాసీ లామినేషన్ అసలొద్దు. ట్యూబ్‌లైటు కింద తల్లి ముఖం బదులు లైటే కనిపిస్తుంది. ‘హ్యాండ్ టచ్’ అని ప్రింటు మీద పారదర్శకమైన జిగురుని కుంచెతో పూసి గరుకు తెప్పించే సేవ ఒకటి ఉంది, దానికి వేరే డబ్బు. ఆ పూత గీతలు బొమ్మలోని గీతలతో కలవవు. పాప పొట్ట మీద అడ్డంగా జిగురు గీత వెళ్ళిపోయిన నమూనా కౌంటరు దగ్గరే పెట్టుకున్నారు, అదీ గర్వంగా.

కాన్వాస్ నప్పేది మోనే గొడుగు బొమ్మకే. అక్కడ గాలి, గడ్డి, మబ్బు అన్నీ విరిగిన గీతలే, నేత గళ్ళు వాటిలో కలిసిపోతాయి. కానీ వీళ్ళ దగ్గర రెండు రకాల కాన్వాస్ ఉంది, ఒకటి మీగడ రంగు, ఒకటి తెలుపు. తెలుపే అడగండి. కమీల్ తెల్ల గౌను నీడలో ఉంది. ఆ నీడ నలుపుతో వేసింది కాదు, నీలం, ఊదా, కింద గడ్డి నుంచి తేలిన పసుపుపచ్చ. మీగడ రంగు కాన్వాస్ మీద ఆ నీలం బూడిదైపోయి గౌను మాసినట్టు ఉంటుంది. ఇదే కారణంతో ఫ్లెక్స్ మీద ప్రింటు వద్దే వద్దు. చవకే కానీ ఊదాలు బురదగా వస్తాయి.

కాన్వాస్‌ని చెక్క చట్రానికి బిగించేటప్పుడు పక్కలకి ఒక్కో వైపు అంగుళంన్నర మడుస్తారు. చెప్పకపోతే బొమ్మనే మడిచేస్తారు. 16×20 బొమ్మలో కనిపించేది 13×17 మాత్రమే, బాబు సగం పక్కగోడ మీదికి పోతాడు. బొమ్మ చుట్టూ అంగుళంన్నర అదనంగా సాదా రంగు పట్టీ వేసి ప్రింటు తీయమనాలి. అది వాళ్ళకి తెలిసిన పనే, అడిగితే చేస్తారు. ఈ బొమ్మ 100 సెంటీమీటర్ల ఎత్తు, 81 వెడల్పు కాబట్టి 16×20కి చక్కగా కూర్చుంటుంది.

రెన్వార్ ‘మదాం షార్పాంతియే, పిల్లలు’ బొమ్మని 12×15లో తీసి హాల్లో పెట్టుకోవడం దండగ. 1878లో వేసిన ఈ బొమ్మ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అసలుది ఆరడుగులకి పైన వెడల్పు, అయిదడుగుల ఎత్తు. అయిదో వంతుకి కుదిస్తే ముఖాలు బొటనవేలంత అవుతాయి. పిల్లలిద్దరూ, పెద్ద కుక్కా ఉన్న భాగం మాత్రం విడిగా తీయించుకుంటే బాగుంటుంది. ఒకటే రకం గౌన్లు వేసుకున్న ఆ ఇద్దరినీ కేటలాగులో ‘సిస్టర్స్’ అని రాశారు. కాదు. ఒకరు జార్జెట్, రెండో వాడు తమ్ముడు పాల్. మూడేళ్ళవాడు, ఇంకా జుట్టు కత్తిరించలేదు, అప్పటి పద్ధతి ప్రకారం అక్కలాంటి గౌనే వేశారు. పుట్టువెంట్రుకలు కల్యాణకట్టలో ఇవ్వడానికి పిల్లాడికి మూడేళ్ళదాకా జడలేసి తిప్పే ఊళ్ళో ఈ తప్పు జరగడం విచిత్రమే.

ఫైలు మీరే తీసుకెళ్ళండి. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, మెట్రోపాలిటన్, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ తమ దగ్గరున్న ఇలాంటి బొమ్మల ఫైళ్ళని వెబ్‌సైట్లలో ఉచితంగా ఇస్తున్నాయి. గొడుగు బొమ్మ వాషింగ్టన్‌ది, స్నానం షికాగోది. చిత్రకారులు పోయి వందేళ్ళ చుట్టూ అయింది, మోనే, కసాట్ ఇద్దరూ 1926లోనే. మన చట్టంలో హక్కు మరణం తర్వాత 60 ఏళ్ళే కాబట్టి ప్రింటు తీయించుకోవడానికి అడ్డు లేదు. పిక్సెళ్ళ లెక్క తేలిక: అంగుళానికి 200 చొప్పున చూసుకోవాలి. 16×24కి 3200, 4800. నాలుగైదడుగుల దూరం నుంచి చూసే గోడకైతే అంగుళానికి 150 ఉన్నా సరిపోతుంది, అంటే 2400, 3600. అంతకన్నా తక్కువ ఫైలుని ఆపరేటరు ‘పెద్దది చేస్తా’ అంటే ఒప్పుకోవద్దు. పెద్దదైతే అవుతుంది, గీతలు మైనంలా కరిగిపోతాయి. పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది, పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

ఫ్రేము దగ్గర వీళ్ళ పనితనం నిజంగా చూడాల్సిందే. మూలల్ని 45 డిగ్రీలకి కోసి, జిగురు పెట్టి, వెనక నుంచి పిన్ను కొట్టి, సందులో మైనం నింపుతారు. వేలితో తడిమినా అతుకు తెలియదు. అయితే అలవాటు దేవుడి పటాలది కాబట్టి అద్దాన్ని నేరుగా ప్రింటు మీద ఆనిస్తారు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, కార్తీక మాసంలో ఈశాన్య రుతుపవనాల తేమ రెండూ చూసే ఊరిది. ఆ తేమకి ప్రింటు అద్దానికి అంటుకుంటుంది, తర్వాత పీకితే రంగు ఊడొస్తుంది. మధ్యలో రెండు మిల్లీమీటర్ల మౌంట్ బోర్డు (ప్రింటు చుట్టూ కిటికీలా కోసి పెట్టే మందపాటి అట్ట) పెట్టించాలి. పక్కలకి, పైన రెండేసి అంగుళాలు, కింద రెండున్నర. రంగు ఎముక తెలుపు. పాలతెలుపు పెడితే ‘ఉయ్యాల’ తెర మాసినట్టు కనిపిస్తుంది. వెనక అట్ట బదులు సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ పలక) అడగండి. మామూలు అట్ట కాగితాన్ని పసుపెక్కిస్తుంది, చెదలకి విందు. గోడకి తగలకుండా కింద రెండు మూలలా రబ్బరు బొడిపెలు అతికిస్తే వెనక గాలి ఆడుతుంది.

బద్దీ విషయంలో బంగారు రంగు పువ్వుల చెక్కడం వైపు లాగుతారు. స్వామివారికి అది అందం, కసాట్‌కి కాదు. ముప్పాతిక నుంచి అంగుళంన్నర వెడల్పు సాదా టేకు రంగు బద్దీ సరిపోతుంది.

పిల్లల గదికైతే అద్దం వద్దు. 16×24 ప్రింటుకి మౌంట్ కలిపితే 20×28.5 అంగుళాలు. ఆ కొలతకి రెండు మిల్లీమీటర్ల అద్దం ఒక్కటే దాదాపు 1.8 కిలోలు తూగుతుంది. అదే మందం యాక్రిలిక్ (అద్దంలా కనిపించే ప్లాస్టిక్) 900 గ్రాముల లోపు, పగిలినా గాజు పెంకుల్లా పదునుగా చిందదు. ఒక్క మేకు కాకుండా రెండు హుక్కులకి వేలాడదీయాలి. తొట్టి పైన, మంచం తలవైపున ఏ ఫ్రేమూ పెట్టకపోవడమే మేలు. యాక్రిలిక్‌ని కాలిన్ లాంటి ద్రవాలతో తుడవొద్దు, పొగబారుతుంది. తడిగుడ్డ చాలు.

ఖర్చు సంగతి. పై కొలతకి మ్యాట్ ప్రింటు రూ.320, మౌంట్ రూ.250, యాక్రిలిక్ రూ.470. బద్దీ అడుగు రూ.140. చుట్టుకొలత ఎనిమిదడుగుల పైచిలుకు, కానీ బిల్లులో తొమ్మిదడుగులు వేస్తారు. మోసమేమీ కాదు, అంగుళంన్నర బద్దీని మూలలకి ఏటవాలుగా కోస్తే ఒక అడుగు తరుగు పోతుంది. మొత్తం రూ.2,300. బేరం ఆడితే వంద తగ్గిస్తారు, కానీ సన్‌బోర్డు బదులు అట్ట పెట్టేస్తారు. బేరం ఆడాక వెనక వైపు తిప్పి చూసుకోండి.

చెప్పిన రోజుకి ఇవ్వడంలో ఇబ్బంది లేదు, బ్రహ్మోత్సవాల రోజుల్లో తప్ప. అప్పుడు మేడ మీద మెషీను కూడా స్వామి పటాలకే నడుస్తుంది. చిత్తూరుకో పలమనేరుకో బస్సులో తీసుకెళ్ళేటట్టయితే నాలుగు మూలలకీ అట్ట తొడుగులు వేసి ఇమ్మని ముందే చెప్పాలి. మామూలుగా వార్తాపత్రిక చుట్టి సుతిలితో కట్టి చేతికిస్తారు, ఆ సుతిలి కొత్త టేకు పాలిష్ మీద గీత పెడుతుంది.